పదును చూసి విత్తు

(విదేశాల్లో పైచదువుకు సిద్ధమవుతున్న యువ డాక్టర్లకు)

పుట్టపర్తికి ఆనుకుని ఉన్న ప్రశాంతిగ్రామంలో ఒక పెద్దాసుపత్రి ఉంది. 1991 నవంబరు 22న తెరిచారు. గుండె ఆపరేషనుకు కూడా పైసా తీసుకోరు, బిల్లు కట్టే కౌంటరే లేదు. అక్కడ సేవ చేయడానికి అమెరికా నుంచి, ఇంగ్లండు నుంచి డాక్టర్లు సెలవు పెట్టుకుని వస్తుంటారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. కొన్నాళ్లు పనిచేసి, బెంగళూరు వెళ్లి విమానం ఎక్కేస్తారు. ఈ చుట్టుపక్కల ఎంబీబీఎస్ చదివే పిల్లలు వాళ్లను చూసినప్పుడల్లా మనసులో ఒక మాట అనుకుంటారు: "నేనూ పోవాల."

అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పిల్లలు చూస్తున్నది కళ్లంలో పోసిన రాశిని. దుక్కి దున్నిన ఏడు, విత్తనం మొలవని ఏడు, వడ్డీ కట్టిన ఏడు వాళ్ల కంటికి ఆనవు. ఈ అధ్యాయం ఆ కనపడని ఏళ్ల గురించి.

అనంతపురం గడ్డ మీద ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ ఏ నెలలో పడుతుందో చెప్పలేం. చిత్రావతి నదిలో నీళ్లకంటే ఇసుక కనపడే రోజులే ఎక్కువ. ఇలాంటి చోట శనక్కాయ పండించే రైతు మొదటి చినుకుకే విత్తనం వేయడు. గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూస్తాడు. తడి ఎంత లోతు దిగిందో చూస్తాడు. "పదునైంది" అనుకున్నాకే గొర్రు కడతాడు. ఒకవేళ వాన ముఖం చాటేసి శనక్కాయ అదను దాటిపోతే, ఆ తర్వాత పడిన వానకు ఉలవలైనా చల్లుకుంటాడు. చేను బీడు పెట్టడు.

విదేశంలో రెసిడెన్సీ కూడా మెట్ట సేద్యమే. దుక్కీ విత్తనమూ మన చేతిలో ఉంటాయి, వాన ఉండదు. అందుకని బయలుదేరే ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. పదునైందా? విత్తనం చాలినంత ఉందా? అదను తప్పితే ఉలవలు ఉన్నాయా?

తలుపు తెరుచుకోని డాక్టరు

ముందు ఒక పాత కథ. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి చేతికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా వచ్చింది. కొన్నాళ్లు మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పారు. మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి సీటు దొరికింది గానీ, ఆ పట్టాతో అక్కడ రోగి నాడి పట్టే హక్కు దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చిల్లర పనులు చేసి పొట్ట పోసుకున్నారు.

క్లినిక్ తలుపు తెరుచుకోకపోతే ఆయన ప్రయోగశాల తలుపు తట్టారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, పీహెచ్‌డీ 1930లో. హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వకపోతే 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్ అన్నీ అక్కడి ఆయన బృందం నుంచి వచ్చినవే. ఇవాళ మీరు ఓపీలో కూర్చుని రాసే చీటీలో ఆయన ఉన్నారు.

సభల్లో ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. మిగతాది కూడా వినండి. ఆయన 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. 1922లో వదిలి వెళ్లిన భార్యను మళ్లీ చూడలేదు.

నేను ఈ కథ నుంచి రెండు సంగతులు తీసుకుంటాను. ఆయనకు శనక్కాయ పండలేదు, ఉలవలు పండాయి. ఆ ఉలవలే ప్రపంచానికి అన్నం పెట్టాయి. రెండోది, మన ప్రయాణానికి టికెట్టు డబ్బు ఒక్కటే ఖర్చు కాదు. ఆ ఖర్చులో కొంత ఇంట్లో ఇంకెవరో కడుతూ ఉంటారు. వాళ్లెవరో ముందే తెలుసుకోవాలి.

సీనియర్ వెళ్లిన దారి ఇవాళ లేదు

అమెరికా 1965లో వలస చట్టం మార్చింది. ఆ తర్వాత గుంటూరు, విశాఖ, కాకినాడ, హైదరాబాద్, కర్నూలు కాలేజీల నుంచి డాక్టర్లు బ్యాచీలకు బ్యాచీలు వెళ్లారు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో క్యాన్సర్ రేడియేషన్ వైద్యంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1976లో మరో చట్టం తలుపు సగం మూసింది. 1992లో అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ వచ్చింది. 2021లో అందులోని స్టెప్ 2 సీఎస్ పరీక్ష ఎత్తేశారు. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1లో మార్కులు ఇవ్వడం మానేసి పాసా, ఫెయిలా అని మాత్రమే చెబుతున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు.

ఇదంతా చెప్పడం భయపెట్టడానికి కాదు. మీ సీనియర్ అన్న ఎంత ప్రేమగా చెప్పినా, ఆయన చెప్పేది ఆయన వెళ్లిన ఏడాది వాన గురించి. ఆయన దగ్గర ధైర్యం తీసుకోండి. నిబంధనలు మాత్రం పరీక్ష పెట్టే సంస్థ దగ్గరే, ఈ ఏడాదివే, మీరే చదవండి. కోచింగ్ సెంటర్ కరపత్రం నిబంధన కాదు.

ఏ చేను మీది?

అన్ని దేశాలకూ ఒకేసారి చదవడం పది చేలల్లో తలా దోసెడు విత్తనం చల్లడం లాంటిది. ఒక దేశాన్ని ఎంచుకోండి. ఎంచుకునే ముందు ఒక్కో చేను స్వభావం తెలుసుకోండి.

అమెరికా: మీరు ఇక్కడ ఎండీ చేసినా అక్కడ రెసిడెన్సీ మొదటి నుంచీ చేయాలి. టెన్నెసీ లాంటి కొన్ని రాష్ట్రాలు 2023 నుంచి ఈ నియమాన్ని సడలిస్తూ చట్టాలు చేశాయి గానీ, వాటినే నమ్ముకుని ఇల్లు కదిలేంత భరోసా ఇంకా లేదు. స్టెప్ 1, స్టెప్ 2 సీకే, డాక్టర్ల ఇంగ్లిషు పరీక్ష ఓఈటీ పూర్తి చేసి, విదేశీ డాక్టర్ల అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన జాతీయ వైద్య కమిషన్‌కు వరల్డ్ ఫెడరేషన్ ఫర్ మెడికల్ ఎడ్యుకేషన్ 2023లో పదేళ్ల గుర్తింపు ఇచ్చింది కాబట్టి, కాలేజీ గుర్తింపు గురించి ఇక్కడ చదివినవాళ్లకు బెంగ తగ్గింది.

దరఖాస్తులు సెప్టెంబరులో, ఇంటర్వ్యూలు అక్టోబరు నుంచి జనవరి దాకా, రెసిడెన్సీ సీట్లు కేటాయించే 'మ్యాచ్' ఫలితం మార్చి మూడో శుక్రవారం, చేరేది జులైలో. 2024 మ్యాచ్‌లో అమెరికాలోనే వైద్యపట్టా (అక్కడి ఎండీ) చివరి ఏడాదిలో ఉన్నవాళ్లలో 93.5 శాతం మందికి సీటు వచ్చింది. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 58.5 శాతం మందికి. అంటే అన్ని పరీక్షలూ దాటి, ఇష్టమైన ఆసుపత్రుల ర్యాంకు జాబితా ఇచ్చేదాకా వచ్చిన వాళ్లలో కూడా పదిమందిలో నలుగురు ఖాళీ చేతులతో మిగిలారు. ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, సైకియాట్రీ, న్యూరాలజీ, పాథాలజీలో మనవాళ్లకు చోటుంది. డెర్మటాలజీ, ఆర్థోపెడిక్స్ లాంటివి అక్కడివాళ్లకే దొరకడం కష్టం.

బ్రిటన్: ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకుండా రావాలి. లేదా ఓఈటీలో అన్నిటా బి గ్రేడు. అక్కడ డాక్టరుగా రిజిస్టరు కావడానికి రాసే ప్లాబ్‌లో మొదటి పరీక్ష మన దేశంలోనే రాయొచ్చు. రెండోది మాంచెస్టర్‌లోనే జరుగుతుంది. పదహారు గదులు, గదికి ఎనిమిది నిమిషాలు. ఈ రెండూ దాటితే రిజిస్ట్రేషన్‌కు దారి పడుతుంది, ఉద్యోగానికి కాదు. ఇప్పుడక్కడ ఉద్యోగాలకు, ముఖ్యంగా శిక్షణ పోస్టులకు, పోటీ విపరీతంగా ఉంది. తమ దేశంలో చదివినవాళ్లకే ప్రాధాన్యం ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో చెప్పింది. అక్కడి పీజీ స్థాయి పరీక్ష ఎంఆర్‌సీపీ పూర్తి చేసినవాళ్లకు ప్లాబ్ అవసరం లేదు. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూనే ఎంఆర్‌సీపీ మొదలుపెట్టొచ్చు కాబట్టి అప్పు చేయలేని ఇంటి పిల్లలకు నేను ముందు ఈ దారే చూపిస్తాను.

జర్మనీ: ఫీజులు తక్కువ, భాష ఎక్కువ. బీ2 స్థాయి జర్మన్, ఆపైన డాక్టర్ల భాషా పరీక్ష, ఆ తర్వాత వైద్య పరిజ్ఞాన పరీక్ష. భాషకు ఏడాదికి పైగా రోజూ కూర్చోగలిగితేనే అటు చూడండి. ఆస్ట్రేలియాలో కూడా రాతపరీక్ష, క్లినికల్ పరీక్ష దాటాలి. ఆ తర్వాత తొలి ఉద్యోగం వెతుక్కోవడమే పెద్ద పని.

పదునైందా?

పదును అంటే ఉత్సాహం కాదు. తడి ఎంత లోతు దిగిందన్నది పదును. దాన్ని చూసుకోవడానికి నాలుగు గుర్తులు.

ఒకటి, పరీక్ష తేదీ. స్టెప్ పరీక్ష ఒకసారి పాసైతే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. ఫెయిలైతే ఆ ఫెయిలు మీ రికార్డులో చివరిదాకా కనిపిస్తుంది. ఒక్కో స్టెప్‌కు నాలుగు ప్రయత్నాలే. అందుకని స్నేహితులు తేదీ తీసుకున్నారని మీరు తీసుకోవద్దు. మాక్ పరీక్షల్లో వరుసగా సురక్షితమైన మార్కులు వచ్చాకే వెళ్లండి. నెల ఆలస్యమైతే నెలే పోతుంది, తొందరపడి ఫెయిలైతే ఏళ్లు పోతాయి. స్టెప్ 1కు మార్కులు లేవు కాబట్టి రెసిడెన్సీ ప్రోగ్రాములవాళ్లు ఇప్పుడు స్టెప్ 2 సీకే మార్కులనే కళ్లద్దాలు పెట్టుకుని చూస్తున్నారు. స్టెప్ 1 గట్టెక్కామని అక్కడ సడలిపోవద్దు.

రెండు, పేరు. మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన గండం ఇది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక. ఒకచోట "లక్ష్మి"కి 'ఎక్స్' ఉంటుంది, ఇంకోచోట 'కె', 'ఎస్', 'హెచ్' ఉంటాయి. అక్కడి సంస్థలకు ఇవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్లు. ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అప్పుడే యూనివర్సిటీలోనో, పాస్‌పోర్టు ఆఫీసులోనో సరిచేయించండి. పరీక్ష హాలు గుమ్మంలో గుర్తుకొస్తే ఏం లాభం?

మూడు, చేతి పని. అక్కడి ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం, అక్కడి డాక్టరు రాసిన సిఫారసు లేఖ దరఖాస్తుకు బలం. పుట్టపర్తికి సేవకు వచ్చిన డాక్టరు మంచివాడే. కానీ ఆయన కింద పనిచేయకుండా లేఖ అడగొద్దు. మిమ్మల్ని ఎరగని మనిషి రాసిన పొగడ్త చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన్ను వేరేది అడగండి: "సార్, మొదటి ఏడాది మీకు ఏది కష్టమైంది?" ఆ జవాబు లేఖకంటే విలువైనది. బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. జిల్లా ఆసుపత్రులున్నాయి. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇలాంటిచోట ఉద్యోగం చేస్తూ చదవండి. పట్టా వచ్చిన ఏడుకూ దరఖాస్తు పెట్టే ఏడుకూ మధ్య ఖాళీ పెరిగేకొద్దీ చాలా ప్రోగ్రాములు మొహం తిప్పుకుంటాయి. ఆ మధ్యకాలంలో రోగులను చూస్తూ ఉన్నారా, గదిలో తలుపేసుకుని ఉన్నారా అన్నది కూడా చూస్తాయి.

నాలుగు, నిజాయితీ. కొన్న పరిశోధనా పత్రాలు, అద్దెకు తెచ్చిన అనుభవం, "లీకైన ప్రశ్నలు" ఇస్తామనే గ్రూపులు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. 2024 జనవరిలో యూఎస్‌ఎంఎల్‌ఈ నిర్వాహకులు నేపాల్‌తో ముడిపడిన అనేకమంది అభ్యర్థుల ఫలితాలను ఒక్క దెబ్బన రద్దు చేశారు. ప్రశ్నలు ముందే చేతులు మారాయన్న అనుమానమే కారణం. పుచ్చు విత్తనం చవగ్గా వస్తుంది. మొలవదంతే.

విత్తనం ఎంత?

డబ్బు విషయం మాట్లాడటానికి మన ఇళ్లలో సిగ్గు. "ఎంతైనా ఫరవాలేదు, నువ్వు చదువు" అని నాయన అంటాడు, ఆ మాట పట్టుకుని మనం లెక్క రాయడం మానేస్తాం. రాయండి.

స్టెప్ పరీక్ష ఒక్కోదానికి వెయ్యి డాలర్లకు పైనే. రెండు పరీక్షలకే మన డబ్బులో రెండు లక్షలకు అటూఇటూ అవుతుంది. దాని మీద ఓఈటీ, ప్రశ్నల బ్యాంకు చందా, సర్టిఫికెట్ల పరిశీలన. అక్కడ క్లినికల్ అనుభవానికి వెళ్తే వీసా, విమానం, గది అద్దె, చాలాచోట్ల నెలకింతని ఫీజు. దరఖాస్తు రుసుము ప్రోగ్రాముల సంఖ్యతో పాటు పెరుగుతుంది. విదేశీ పట్టభద్రులు వందకు పైగా ప్రోగ్రాములకు పెట్టుకోవడం మామూలే. సీటు రాకపోతే మరుసటి ఏడు ఈ దరఖాస్తు ఖర్చు మళ్లీ మొదటికే వస్తుంది.

కాబట్టి లెక్క రెండు సంవత్సరాలకు వేయండి. మొదటి ఏడే అంతా ఊడ్చిపెట్టి దరఖాస్తు పెట్టినవాడు ఓడిపోతే, రెండో ఏడు విత్తడానికి గింజ ఉండదు. ఏడాది ఉద్యోగం చేసి, సగం డబ్బు కూడబెట్టి వెళ్లినవాడికి ఆ బాధ లేదు. ఒక గీత కూడా గీసుకోండి. చేను తాకట్టు పెట్టడం, నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవడం ఆ గీతకు అవతల ఉండాలి. సీటు వస్తుందన్న నమ్మకం మీద కట్నం మాట్లాడుకోవడం అన్నిటికంటే చెడ్డ అప్పు. దాన్ని తీర్చాల్సింది మీరు కాదు, ఇంకో ఇంటి ఆడపిల్ల.

వీసా కూడా విత్తనంలో భాగమే. జె-1 మీద వెళ్తే మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే లేఖ కావాలి. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. లేదంటే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడానికి ఒప్పుకుని మినహాయింపు తెచ్చుకోవాలి. కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా అలాంటివి 30 మాత్రమే. ఇక్కడ నల్లమాడ పీహెచ్‌సీకి పొమ్మంటే ముఖం చిట్లించిన కుర్రాడే అక్కడ అలాంటి పల్లె కోసం పోటీపడి దరఖాస్తు పెట్టుకుంటాడు. హెచ్-1బీ మీద వెళ్లాలంటే ముందే స్టెప్ 3 కూడా పాసవ్వాలి.

డాక్టరు గారు మళ్లీ ఇంటర్న్ అయితే

పుస్తకాలు చెప్పని కష్టం ఇది. ఇక్కడ ఓపీలో ముసలాయన లేచి నిలబడి దండం పెడతాడు. "మీరు దేవుడు సార్" అంటాడు. అక్కడ నర్సు మీ ముఖం మీదే "డాక్టర్, ఈ డోసు తప్పు" అంటుంది. ఆమె మాట నిజమైతే థాంక్స్ చెప్పాలి. మనసులో చివుక్కుమంటుంది. అది అవమానం కాదు, రోగికి కాపలా.

ఇక్కడ మనం రోగిని పక్కన పెట్టి కొడుకును వరండాలోకి పిలిచి "పరిస్థితి బాగాలేదు" అంటాం. అక్కడ ముందు చెప్పాల్సింది రోగికే. ఇంకెవరికి చెప్పాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఇక్కడ "ఈ మాత్ర వేసుకో, తగ్గిపోతుంది" అంటే చాలు. అక్కడ మీ పేరు చెప్పి, అనుమతి అడిగి, దేనికి భయపడుతున్నాడో కనుక్కుని, మందు ఎందుకో వివరించి, అర్థమైందో లేదో ఆయన నోటితో చెప్పించుకోవాలి. ప్లాబ్ రెండో పరీక్షలో ఎనిమిది నిమిషాల గది కొలిచేది ఎక్కువగా దీన్నే. మనవాళ్లు చాలామంది తప్పేది ఇంగ్లిషు రాక కాదు, వినక.

దీనికి సాధన ఇక్కడే, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. రేపు ఓపీకి వచ్చిన పెద్దమనిషిని తెలుగులోనే అడగండి: "పెద్దాయనా, ఈ నొప్పి ఏమై ఉంటుందని నువ్వనుకుంటాండావు?" ఆయన చెప్పేదాకా నోరు మెదపకండి. చాలాసార్లు రోగం పేరు సగం ఆయనే చెబుతాడు. వినడం ఒక భాషలో వస్తే ఇంకో భాషలో కూడా వస్తుంది.

ఇంకో మాట అలవాటు చేసుకోండి: "నాకు తెలీదు, కనుక్కుని చెబుతాను." మన కాలేజీ రౌండ్లలో ఈ మాటంటే తిట్లు పడతాయి. అక్కడ ఈ మాట అనని ఇంటర్న్‌ను చూసి సీనియర్లు భయపడతారు. మంచు కురిసే రాత్రి డ్యూటీ ముగించుకుని ఖాళీ గదికి వచ్చినప్పుడు కుంగుబాటు కమ్ముకుంటే, అది కూడా ఎవరితోనైనా చెప్పాల్సిన రోగలక్షణమే. డాక్టరుకు డాక్టరు అవసరం రాదని ఎవరన్నారు?

అదను తప్పితే ఉలవలు

మ్యాచ్ ఫలితం వచ్చే వారం వందలాది తెలుగు ఇళ్లలో నిద్రలుండవు. సోమవారం ఒక ఈమెయిలు వస్తుంది: సీటు వచ్చింది, లేదా రాలేదు. ఎక్కడ వచ్చిందన్నది శుక్రవారం తెలుస్తుంది. రాలేదని వచ్చిన రోజు ఏం చేయాలో ఆ రోజు ఆలోచించకూడదు. మనసు ఇరిగిన రోజున తీసుకున్న నిర్ణయాలు ఇరిగినట్టే ఉంటాయి. ఆలోచన ఇప్పుడే పూర్తవ్వాలి.

ఎన్నిసార్లు ప్రయత్నిస్తారు? నా సలహా రెండు. రెండోసారికి దరఖాస్తులో ఏదో ఒకటి కొత్తగా చేరాలి: ఇంకొంత క్లినికల్ అనుభవం, స్టెప్ 3, నిజమైన పరిశోధన. ఏ మార్పూ లేకుండా అదే కాగితం మళ్లీ పంపితే పోయిన ఏటి చేనులోనే మళ్లీ వాన కోసం చూసినట్టు. రెండుసార్లూ రాకపోతే ఉలవలు చల్లండి. నీట్ పీజీ, డీఎన్‌బీ, ఎంఆర్‌సీపీ, ప్రభుత్వ మెడికల్ ఆఫీసరు ఉద్యోగం, పబ్లిక్ హెల్త్ చదువు, సుబ్బారావు వెళ్లిన పరిశోధన దారి. వీటిలో ఒకదాన్ని మొదటి రోజే ఎంచుకుని కాగితం మీద రాసి ఉంచండి. స్టెప్ పరీక్షకు చదివిన వైద్యం నీట్ పీజీకీ పనికొస్తుంది, ఆ చదువు మట్టిపాలు కాదు.

మ్యాచ్ కోసం మీరిచ్చే ఆసుపత్రుల ర్యాంకు జాబితా గురించి ఒక చిన్న చిట్కా. "నన్ను తీసుకునే అవకాశం ఎక్కువున్న ఆసుపత్రిని ముందు పెడదామా?" అని పిల్లలు అడుగుతుంటారు. వద్దు. మ్యాచ్ లెక్కను మార్చి రాసిన ఆల్విన్ రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ పద్ధతిలో మీకు నిజంగా ఇష్టమైన వరుసలో రాసుకుంటే మీకు నష్టం రాదు. జిత్తులు పనిచేయవు. జీవితంలో ఇలా నిజం చెప్పినందుకు నష్టపోని చోట్లు తక్కువ. ఇది ఒకటి, వాడుకోండి.

ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలి?

ఒక ఇల్లు అనుకుందాం. బుక్కపట్నం దగ్గర ఐదెకరాల మెట్ట. కూతురు అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ముగించింది. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మాట మొదలుపెడుతుంది.

"నాయనా, నేను అమెరికాలో చదవాలనుకుంటాండా."

"ఎన్నేండ్లు పడుతుంది మా?"

"సీటు రావడానికి రెండు మూడేండ్లు. వచ్చినాక ట్రైనింగ్ ఇంకో మూడేండ్లు. ట్రైనింగ్‌లో జీతమిస్తారు."

"రాకుంటే?"

ఇక్కడే చాలామంది జారిపోతారు. "వస్తాది నాయనా, నాకు నమ్మకముంది" అంటారు. ఆయనకు అది జవాబుగా అనిపించదు. నలభై ఏళ్లు ఆకాశం చూసి సేద్యం చేసిన మనిషి అడిగింది మీ నమ్మకం గురించి కాదు, వాన రాని ఏడు గురించి. ఆ అమ్మాయి ఇలా అనాలి:

"రాకుంటే ఇంకొక్కసారి చూస్తా. అప్పటికీ రాకుంటే ఇక్కడే పీజీ చదువుతా. మొదటి ఏడాది ఖర్చు నా జీతంలో పెట్టుకుంటా. చేను జోలికి పోను."

ఇలా చెబితే ఇంట్లో భయం పోతుందని నేను చెప్పను. అమ్మ ఆ రాత్రి కూడా నిద్రపోదు. కానీ ఇద్దరూ మిమ్మల్ని ఇక పిల్లగా చూడరు, తమతో పాటు లెక్క చూసే మనిషిగా చూస్తారు.

ఈ వారం చేయాల్సిన పని

తెల్ల కాగితం ఒకటి తీసుకోండి. అయిదు వాక్యాలు రాయండి.

1. నేను ఎంచుకున్న దేశం ఇది, శాఖ ఇది. (ఒక్కటే రాయాలి.)

2. నా పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉంది. (లేకపోతే సరిచేయించే తేదీ.)

3. రెండేళ్లకు కలిపి నాకయ్యే ఖర్చు ఇంత. అందులో నా సంపాదన ఇంత, అప్పు ఇంత. ఈ గీత దాటను.

4. రెండు ప్రయత్నాలయ్యాక నేను చల్లే ఉలవలు ఇవి.

5. నేను లేనప్పుడు ఇంట్లో అమ్మానాన్నల బాగోగులు చూసేవాళ్లు వీళ్లు.

అయిదో వాక్యం రాయలేకపోతే ఆగండి. సుబ్బారావు గారి ఇంట్లో ఆ వాక్యం ఎవరూ రాయలేదు.

కాగితం పూర్తయ్యాక దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోవడం కాదు, మీ నాయన చేతికివ్వండి. ఇంగ్లిషు పరీక్షల పేర్లు ఆయనకు రాకపోవచ్చు. మూడో వాక్యం, నాలుగో వాక్యం మాత్రం మీకంటే బాగా చదువుతారు. ఆయన తప్పు పట్టిన అంకె ఉంటే వాదించకుండా దిద్దుకోండి. పదునైందో లేదో ఆ ఇంట్లో మొదట తెలిసేది ఆయనకే.